పసిమెదడు సాక్ష్యం ఎవరికి వ్యతిరేకం?

ఈమధ్య ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా, ఏ ఆరోగ్య కార్యక్రమం చూసినా 'మొదటి వెయ్యి రోజులు' అనే మాట కనిపిస్తోంది. కడుపున పడ్డ నాటి నుంచి రెండేళ్లు నిండే దాకా బిడ్డ మెదడు పెరిగే తీరు తర్వాతి జీవితం మీద బలంగా పనిచేస్తుందని, ఆ రోజుల్లో ఆకలి, భయం, నిర్లక్ష్యం ఎదురైతే ఆ దెబ్బ చదువులోనూ ప్రవర్తనలోనూ ఆరోగ్యంలోనూ బయటపడుతుందని డాక్టర్లు చెబుతున్నారు. ఇది వట్టి మాట కాదు. దీని వెనక గట్టి పరిశోధన ఉంది. నా పేచీ ఆ పరిశోధనతో కాదు, ఆ వ్యాసాల చివర వచ్చే సలహాలతో. తల్లి ప్రశాంతంగా ఉండాలి. తల్లి బిడ్డతో ఎక్కువసేపు గడపాలి. తల్లి పౌష్టికాహారం తినాలి. అన్ని వాక్యాలకీ కర్త తల్లే. తండ్రి, అత్తమామలు, పని ఇచ్చే యజమాని, ప్రభుత్వం - వీళ్లెవరూ ఆ వ్యాకరణంలో లేరు.

ఈ సలహాలు పత్రికల్లోనే ఆగిపోతే ఇంత రాయనవసరం లేదు. విడిపోయిన భార్యాభర్తల మధ్య బిడ్డ ఎవరి దగ్గరుండాలన్న తగువు మన సంఘం ముందుకొచ్చినప్పుడు, 'ఆవిడ ఉద్యోగానికి పోతుంది, బిడ్డ మెదడు ఎదిగే వయసులో వదిలేసి పోయింది' అని మగపెళ్లివారు వాదించడం నేను విన్నాను. శాస్త్రం పేరు చెప్పి ఆడదాన్ని ఇంట్లో కూచోబెట్టడం ఎప్పుడూ ఉన్నదే. అందుకే ఆ శాస్త్రం అసలేం చెప్పిందో మనం స్వయంగా చూడాలి. పసితనపు కష్టం మెదడుని ఏం చేస్తుందో చెప్పిన పరిశోధనల్లో అన్నింటికంటే బలమైనది రుమేనియాది. ఆ పరిశోధన దాకా వచ్చిన దారి, ఆడవాళ్ల హక్కుల్ని కాలరాసిన ఒక చట్టంతో మొదలైంది.

1966 అక్టోబరులో చౌషెస్కూ ప్రభుత్వం 770వ నంబరు డిక్రీ తెచ్చింది. దేశానికి పనిచేసే చేతులు కావాలి, జనాభా పెరగాలి అన్నది లెక్క. 45 ఏళ్లు దాటని, కనీసం నలుగురు బిడ్డల్ని కనని స్త్రీకి, కొద్ది మినహాయింపులు తప్ప, గర్భస్రావం నేరమైంది. గర్భనిరోధక మందులు దేశంలోకి రాకుండా ఆగిపోయాయి. 25 ఏళ్లు దాటీ పిల్లలు లేనివాళ్ల మీద అదనపు పన్ను వేశారు. 1980లలో ఫ్యాక్టరీలకి డాక్టర్లని పంపి, పనిచేసే ఆడవాళ్లకి గర్భం ఉందో లేదో పరీక్షలు చేయించారు. ఉన్న గర్భం తర్వాత కనిపించకపోతే ఆమె పోలీసులకి జవాబు చెప్పుకోవాలి. 1966లో దాదాపు 2,74,000 మంది పిల్లలు పుట్టిన ఆ దేశంలో 1967లో 5,28,000 మంది దాకా పుట్టారు. ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపు! పాలకులు పండగ చేసుకున్నారు. తర్వాతి ఏళ్లలో ఆడవాళ్లు చాటుమాటుగా, ప్రాణాలకి తెగించి గర్భాలు తీయించుకోవడం మొదలుపెట్టారు. అలా చచ్చిపోయినవాళ్లు 23 ఏళ్లలో పదివేల దాకా ఉంటారని అంచనా. ప్రసవ సంబంధమైన మరణాల్లో రుమేనియా యూరప్ మొత్తంలో మొదటి స్థానానికి చేరింది.

కన్నవాళ్లేమో పెంచలేకపోయారు. 1980లలో విదేశీ అప్పు తీర్చాలని ప్రభుత్వం తిండి ఎగుమతి చేసింది. ఇళ్లలో రేషను, చలికాలంలో వేడి లేదు, కరెంటు లేదు. పెంచలేకపోతే మాకివ్వండి, ప్రభుత్వం మీకంటే బాగా పెంచుతుంది అని చెప్పి పిల్లల్ని సంస్థల్లో చేర్చుకున్నారు. పసిపిల్లల్ని ఉంచే సంస్థని వాళ్ల భాషలో 'లియాగన్' అనేవారు. ఆ మాటకి ఉయ్యాల అని అర్థం. పేర్లు పెట్టడంలో ప్రభుత్వాలు ఎప్పుడూ ముందే ఉంటాయి. 1989 డిసెంబరులో చౌషెస్కూ కూలిపోయిన కొద్ది రోజుల్లోనే ఆ డిక్రీ రద్దయింది గానీ, అప్పటికి లక్షకి పైగా పిల్లలు ఆ సంస్థల్లో ఉన్నారు. వాళ్లని లోకమంతా అనాథలనే పిలిచింది. చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. ఊరి చివర, అందరి కింద బతికే రోమా జాతి పిల్లలు వాళ్ల జనాభా నిష్పత్తిని మించి ఆ సంస్థల్లో ఉన్నారు.

ఆ హాళ్లలోకి వెళ్లినవాళ్లందరూ చెప్పిన విషయం ఒకటుంది. అంతమంది పసివాళ్లున్న చోట ఏడుపు వినిపించదు. పన్నెండు, పదిహేను మంది పిల్లలకి ఒక ఆయా. ఆవిడా షిఫ్టు మారగానే మారిపోతుంది. ఏడిస్తే ఎవరూ రారని తెలిసిన బిడ్డ ఏడవడం మానేస్తుంది. గంటల తరబడి పైకప్పు చూస్తూ పడుకోవడం, కూచుని ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉండడం. కొంచెం పెద్ద పిల్లలైతే ముక్కూమొహం తెలియని మనిషి వచ్చినా పరుగెత్తి వచ్చి చెయ్యి పట్టుకుని వెంట వెళ్లిపోతారు. చూసేవాళ్లకి అది ముద్దుగా ఉంటుంది. తన మనిషంటూ ఒకరు లేని బిడ్డ అలా చేస్తుందని తెలిశాక ముద్దుగా అనిపించదు.

ఇక్కడ మెదడు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పుట్టేసరికి బిడ్డ మెదడులో నరకణాలు దాదాపు అన్నీ ఉంటాయి. వాటి మధ్య లంకెలు మాత్రం పుట్టాక మొదటి ఏళ్లలో విపరీతంగా ఏర్పడతాయి. అవసరమైన దానికంటే చాలా ఎక్కువ ఏర్పడి, వాడుకలో ఉన్నవి గట్టిపడి, వాడనివి రాలిపోతాయి. జనం నడిచే చోట కాలిబాట పడ్డట్టు, నడవని చోట గడ్డి మొలిచినట్టు. బిడ్డ ఊ అంటే మనం ఊ అంటాం, నవ్వితే నవ్వుతాం, ఏడిస్తే ఎత్తుకుంటాం. మన అమ్మమ్మలు ఏ పుస్తకమూ చదవకుండా చేసిన ఈ ఊకొట్టుడే ఆ బాటలు వేస్తుంది. భయపడ్డ బిడ్డ ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది; ఎత్తుకోగానే తగ్గుతుంది. అలా పెరిగి తగ్గడం వల్ల నష్టం లేదు. ఎత్తుకునే చెయ్యి ఎప్పుడూ రానప్పుడే ఆ ఏర్పాటంతా చెడిపోతుంది. రుమేనియా సంస్థల్లో పెరిగిన పిల్లల్ని పెద్దయ్యాక పరీక్షిస్తే, కష్టం ఎదురైనప్పుడు స్పందించాల్సిన శరీరమే మొద్దుబారినట్టు తేలింది.

2000 సంవత్సరంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జియానా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలు బుకారెస్ట్‌లో పని మొదలుపెట్టారు. ఆరు నెలల నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లల్ని సంస్థల నుంచి తీసుకుని, చీటీ వేసినట్టుగా రెండు జట్లు చేశారు. సగంమందిని పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. మిగతా సగం ఉన్నచోటే ఉన్నారు. సొంత ఇళ్లలో పెరుగుతున్న పిల్లల జట్టు ఇంకొకటి, పోలికకి. నాలుగున్నరేళ్ల వయసులో తెలివితేటల పరీక్ష పెడితే ఉన్నచోటే ఉన్నవాళ్ల సగటు 73, పెంపుడు ఇళ్లకి వెళ్లినవాళ్లది 81, సొంత ఇళ్లలోని పిల్లలది 109. రెండేళ్లు నిండకముందే కుటుంబంలోకి వెళ్లినవాళ్లు బాగా కోలుకున్నారు. ఎనిమిదేళ్లప్పుడు వాళ్ల మెదడులోని విద్యుత్ తరంగాలు మామూలు పిల్లల తరంగాలకి దగ్గరగా వచ్చాయి. అన్నీ సర్దుకున్నాయని కాదు. నిలకడ లేకపోవడం, దేనిమీదా మనసు నిలపలేకపోవడం పెంపుడు ఇళ్లకి వెళ్లినా పెద్దగా తగ్గలేదు. బ్రిటన్‌కి దత్తత వెళ్లిన రుమేనియా పిల్లల్ని మైకేల్ రటర్ బృందం వేరే గమనిస్తూ వచ్చింది. ఆరు నెలల లోపు బయటపడ్డవాళ్లు దాదాపు అందరిలాగే పెరిగారు. అంతకంటే ఎక్కువకాలం ఉండి వచ్చినవాళ్లలో చాలామందికి ఇబ్బందులు మిగిలాయి. వాళ్లు పాతికేళ్ల వాళ్లయ్యాక స్కాన్ తీస్తే, ఇంగ్లండులోనే పుట్టి దత్తత వెళ్లినవాళ్లతో పోలిస్తే మెదడు పరిమాణం సగటున 8.6 శాతం తక్కువగా ఉందని 2020లో ప్రకటించారు. మంచి ఇళ్లలో ఇరవై ఏళ్లు పెరిగాక కూడా!

బుకారెస్ట్ పరిశోధనని తలుచుకుంటే నాకు కొంత ఇబ్బందిగానే ఉంటుంది. చీటీలో పేరు రాని బిడ్డ మాటేమిటి? అప్పటికి ఆ దేశంలో పెంపుడు కుటుంబాల పద్ధతి దాదాపు లేదు, కాబట్టి ఎవరికీ ఉన్నది తీసేయలేదు, ఉన్నవాళ్లని బయటికి పంపే అవకాశమొస్తే అడ్డుకోలేదు అని వాళ్లు జవాబిచ్చారు. ఆ జవాబుతో నేను పూర్తిగా తృప్తి పడలేదు. అయినా ఆ ఫలితాలు ఎదుట పెట్టుకున్న తర్వాతే 2004లో అక్కడ రెండేళ్ల లోపు పిల్లల్ని, తీవ్రమైన వైకల్యం ఉంటే తప్ప, సంస్థల్లో చేర్చకూడదని చట్టం వచ్చింది.

మన వాదనకి పనికొచ్చే విషయం ఆ పరిశోధన ఫలితాల్లోనే కాదు, ఏర్పాట్లలో ఉంది. పిల్లల్ని కాపాడిన ఆ పెంపుడు తల్లులు కన్నతల్లులు కారు. రక్తసంబంధం లేదు. 'కన్నపేగే తెలుసుకుంటుంది' అని మనకి చెప్పే కబుర్లకి అక్కడ చోటు లేదు. బిడ్డకి కావలసింది తనని ఎరిగిన, రేపు కూడా ఉండే మనిషి. అది తండ్రి కావచ్చు, నాయనమ్మ కావచ్చు, ఆయా కావచ్చు. ఇంకొకటి. ఆ పెంపుడు కుటుంబాలకి డబ్బిచ్చారు. పిల్లల పెంపకాన్ని పనిగా గుర్తించి జీతం ఇచ్చారు. ఇబ్బంది వస్తే పిలవగానే వచ్చే సామాజిక కార్యకర్తల్ని పెట్టారు. అంటే పసిమెదడుకి పనిచేసిన మందు మాతృప్రేమ మీద ఉపన్యాసం కాదు. జీతం, తోడు, నిలకడ. మన పత్రికల్లో ఈ పరిశోధన గురించి రాసినవాళ్లు ఈ సంగతి ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

ఇలా వదిలేయడం కొత్త కాదు. 1951లో జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఇచ్చిన నివేదిక సంస్థల్లో పెరిగే పిల్లల దుస్థితిని బయటపెట్టింది. అది మేలే చేసింది. కానీ దాన్ని పట్టుకుని, పొద్దున వదిలి సాయంత్రం తీసుకొచ్చే శిశుకేంద్రాల్ని కూడా అదే గాటన కట్టి, ఉద్యోగం చేసే తల్లుల్ని దోషుల్ని చేశారు. రాత్రింబగళ్లు ఎవరూ లేకుండా ఉండడం వేరు, పగటిపూట మంచి ఆయా దగ్గర ఉండడం వేరు. అమెరికాలో 1991 నుంచి వెయ్యికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనంలో, శిశుకేంద్రంలో ఉన్నందుకే తల్లీబిడ్డల అనుబంధం చెడదని తేలింది. కేంద్రం ఎంత బాగుందన్నదీ, ఇల్లు ఎలా ఉందన్నదీ ముఖ్యమైనవని తేలింది.

ఇల్లు ఎలా ఉంది అంటే, ఆ ఇంట్లో ఆడమనిషి ఎలా ఉంది అనే. 2013లో అమెరికాలో చేసిన ఒక చిన్న అధ్యయనం నన్ను కదిలించింది. ఇరవై మంది పసివాళ్లే, ఆరు నెలల నుంచి ఏడాది వయసువాళ్లు. నిద్రపోతుండగా మెదడు స్కాన్ తీస్తూ రకరకాల గొంతులు వినిపించారు. అమ్మానాన్నలు ఎక్కువగా గొడవపడే ఇళ్ల పిల్లల్లో, కోపంతో అరిచే గొంతు వినగానే, భయాన్నీ ఒత్తిడినీ చూసుకునే మెదడు భాగాలు మిగతా పిల్లలకంటే ఎక్కువగా స్పందించాయి. నిద్రలో! 'పసివాడికేం తెలుస్తుంది, వాడు పడుకున్నాడుగా' అని ఎంతమంది అనడం మనం వినలేదు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు పదిమందికి ముగ్గురు భర్త చేతిలో హింస అనుభవించామని చెప్పారు. చంకలో బిడ్డ ఉన్నప్పుడు కొట్టిన దెబ్బ ఇద్దరికి తగులుతుంది. 2005 గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ కోరి వచ్చే తల్లిని 'బిడ్డ కోసమైనా సర్దుకుపో' అనే పెద్దమనుషులకి ఈ సంగతి చెప్పాలి. బిడ్డ కోసమే సర్దుకోకూడదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. మనకి తలరాత అనే మాట కొత్త కాదు. బ్రహ్మ రాసిన చోట ఇప్పుడు స్కాను వచ్చి కూచుంటోంది. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని పిల్లల్ని కొట్టడానికి సామెత వాడుకున్నవాళ్లే, రేపు పేదింటి బిడ్డ మెదడు మూడేళ్లకే పాడైపోయింది, ఇంక బడికి ఖర్చెందుకు అనగలరు. ఈ లెక్కలన్నీ సగటులు. ఆ సంస్థల్లో ఏళ్లు గడిపి కూడా చదువుకుని ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు ఉన్నారు. ఆలస్యంగా అందిన ఆదరణ కూడా పనిచేస్తుంది. తొందరగా అందితే ఎక్కువ పనిచేస్తుంది, అంతే.

రుమేనియా ఎక్కడ, మనమెక్కడ అనుకోనక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో, నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు తండాల నుంచి లంబాడా ఆడశిశువులను దళారులు చేతులు మార్చి, దత్తత కేంద్రాల ద్వారా విదేశాలకి పంపుతున్న వైనం బయటపడింది. అప్పుడు 'కన్నతల్లే అమ్ముకుంది' అన్న మాటే ఎక్కువగా వినిపించింది. భూమి లేని, తిండి లేని తండాలో, మగబిడ్డ పుట్టేదాకా కంటూనే ఉండమనే ఇంట్లో ఆ తల్లికి ఏ నిర్ణయం తన చేతిలో ఉందని? అక్కడ రోమా తల్లి, ఇక్కడ లంబాడా తల్లి.

ఇక నేటి మాట. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పోటీకి అనర్హులని చెప్పినప్పుడు మహిళా సంఘాలు వ్యతిరేకించాయి. ఎందుకంటే పిల్లలెంతమంది అన్నది నిర్ణయించేది ఆమె కాదు, పదవి పోయేది మాత్రం ఆమెకి. ఆ నిబంధనని 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. ఎత్తేయడం మంచిదే. కానీ ఎత్తేసింది మనం చెప్పిన కారణానికి కాదు. జనాభా తగ్గిపోతోంది, వయోవృద్ధులు పెరిగిపోతున్నారు, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2024 నుంచి పిలుపునిస్తూ వచ్చారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ ఒక అడుగు ముందుకేసి, మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లవాడు పుడితే ఆవు ఇస్తానన్నారు. దీన్ని 770వ డిక్రీతో పోల్చడం అన్యాయం. ఇక్కడ బలవంతం లేదు, పోలీసులు లేరు. అయితే ముందు తగ్గించమన్నా, ఇప్పుడు పెంచమన్నా లెక్కపెట్టేది మన గర్భాలనే. పుట్టిన బిడ్డని పగలంతా ఎవరు చూస్తారన్నది ఆ లెక్కలో లేదు.

2017లో ప్రసూతి సెలవుని 26 వారాలకి పెంచారు. యాభై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట శిశుకేంద్రం ఉండాలన్నారు. ఎంతమందికి? మిరపకోతకి, పత్తి ఏరడానికి, ఇటుక బట్టీకి, ఇళ్లలో పాచిపనికి వెళ్లే తల్లికి సెలవెవరిస్తారు? 2013 ఆహారభద్రత చట్టం గర్భిణికి కనీసం ఆరువేలు అంది; తర్వాత వచ్చిన పథకం మొదటి కాన్పుకి ఐదువేలు అని, మిగతాది ఆస్పత్రి కాన్పు సొమ్ముతో కలుపుకోమంది. ఆ డబ్బుతో ఎన్నాళ్లు ఇంట్లో ఉండగలదు? ఒళ్లు పచ్చిగా ఉండగానే చేలోకి దిగుతుంది. చెట్టుకొమ్మకి చీర ఉయ్యాల కట్టి, గట్టు మీద ఏడెనిమిదేళ్ల పెద్దకూతుర్ని కాపలా పెడుతుంది. ఆ పెద్దపిల్ల బడి మానేస్తుంది. ఒక బిడ్డ మెదడు గురించి మాట్లాడేవాళ్లు ఈ రెండో బిడ్డ చదువు గురించి కూడా మాట్లాడాలి.

1975లో మొదలైన అంగన్‌వాడీ మనకున్న పెద్ద ఆసరా. కానీ అది ప్రధానంగా మూడేళ్లు దాటిన పిల్లలు వచ్చి కూచునే చోటు. శాస్త్రం అన్నింటికంటే ముఖ్యమన్న మొదటి మూడేళ్లలో, బిడ్డకి ఇంటికిచ్చే పొట్లాలు, తూకం, టీకా గుర్తుచేయడం తప్ప పగటిపూట చూసుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. అది చేయమంటే ఉన్న కార్యకర్తనే ఇంకో గంట కూచోమంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో వాళ్లు సమ్మెకి దిగినప్పుడు కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. వేతనం పెంచమని, గ్రాట్యుటీ ఇమ్మని 42 రోజులు రోడ్డు మీద కూచుంటే, 2024 జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అట! అత్యవసరమని సమ్మెకాలంలోనే గుర్తొచ్చింది. జీతం లెక్కకట్టేటప్పుడు మాత్రం అది గౌరవ వేతనం.

2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకి కూలీ ఇవ్వాలని రాసుకున్నారు. బుకారెస్ట్ శాస్త్రవేత్తలు చేసింది ఇంతకంటే ఎక్కువేం కాదు: చూసుకునే మనిషి, ఆమెకి కూలీ. నేను తిరిగిన ఊళ్లలో అలా పెట్టిన మనిషిని చూసింది చాలా తక్కువ. అడిగితే, పిల్లల్ని ఎవరూ తీసుకురావడం లేదు కదమ్మా అనేవారు. ఎండలో, నీడ లేని చోటికి, చూసే మనిషి లేని చోటికి ఎందుకు తెస్తారు?

అందుచేత నేను కోరేది 'తల్లులకి అవగాహన' సదస్సు కాదు. పాలిచ్చే తల్లికి, ఏ పని చేసేదైనా, ఆరునెలల కూలీ. ఊరికో శిశుకేంద్రం, ఆరునెలల బిడ్డ నుంచి తీసుకునేది. అందులో నలుగురైదుగురు పసివాళ్లకి ఒక మనిషి, ఏడాదికోసారి మారిపోని మనిషి, ఆమెకి పూర్తి జీతం. కేంద్రప్రభుత్వపు పాల్నా పథకం ఆరునెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలకి అంగన్‌వాడీలోనే శిశుకేంద్రం అంటోంది. మీ మండలంలో అలాంటివి ఎన్ని తెరిచారో, ఏ వేళకి తెరుస్తారో ఐసీడీఎస్ కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. వేళ సంగతి తప్పకుండా అడగండి. కూలి తల్లి పొద్దున ఆరున్నరకి ఆటో ఎక్కుతుంది. అంగన్‌వాడీ తలుపు తొమ్మిదింటికి తీస్తారు.